తిరగేసిన తెర

తెల్ల చేతొడుగులు తొడుక్కుని
మ్యూజియం పిల్ల అడుగుతోంది:
"తైసియా ప్రోహరవ్నా, ఇందులో బొమ్మ వైపు ఏది?"

నాకు తొంభై నిండాయి.
ఈ గుడ్డ నాకంటే మూడేళ్లు చిన్నది.
ఇవానవా ఊళ్లో ఉవోద్ నది నీళ్లు చూసి
ఆ రోజు మిల్లులో ఏ రంగు అద్దుతున్నారో
చెప్పేవాళ్లం పిల్లలం.

అమ్మ గ్లఫీరాది అద్దకం షెడ్డు.
ఒక నెల జీతం బదులు పరదా బట్ట ఇచ్చారు,
అంచున రంగు చెదిరిందని పక్కన పడేసిన తాను.
ఇటుక ఎరుపు, పొగ నలుపు.
మూర మూరకీ ఒక ట్రాక్టరు,
దాని వెనక పనమోపు మోసే ఆడమనిషి,
పొగగొట్టాలు, మీద రెండు విమానాలు,
మళ్లీ ట్రాక్టరు.
పూలగుడ్డ ఇస్తే ఏం పోయిందట, అని గొణిగింది అమ్మ.
పూలు పాతకాలంవిట.

పద్నాలుగో నంబరు గది.
కిటికీ ఒకటి, తలుపు ఒకటి, కాపురాలు రెండు.
గది నడుమ తాడు కట్టి
పదకొండు ఇత్తడి రింగులతో తెర వేసింది అమ్మ.
తలుపున్న ఇటువైపు మేం ముగ్గురం.
అటు దెమ్యాన్ లుకీచ్,
మిల్లులో రాగి రోలర్ల మీద బొమ్మలు చెక్కేవాడు.
తను చెక్కిన బొమ్మకి
వీపు వైపు వచ్చింది ఆయన వాటాకి.

"తాయా, మీకు ట్రాక్టర్లు ఎటు పోతున్నాయే?"
"కుడికి!"
"నాకు ఎడమకి.
అయినా ఇద్దరికీ కిటికీ వైపే. చూశావా చిత్రం!"

నిద్ర పట్టని ఒక రాత్రి
తెర అవతలి నుంచి చెప్పాడు.
పనమోపు మనిషి వాళ్లమ్మట.
సమారా దగ్గర, కరువు ఏడాది, ఎలా ఉండేదో అలాగే గీశాడట.
కమిటీ చూసి, మన రైతు ఇంత బక్కగా ఉండదు,
కండ పెట్టు, అందట.
"భుజాలు తొలిచాను. బుగ్గలు తొలిచాను.
రాగి తరిగిన కొద్దీ అమ్మ ఒళ్లు చేసింది.
మణికట్లు మాత్రం ముట్టుకోలేదు."

తెల్లారాక వెతికాను.
అవే, మూర మూరకీ,
అంత లావు మనిషికి
అగ్గిపుల్లల్లాంటి మణికట్లు.

ముప్ఫై ఏడు, నవంబరు.
తట్టింది మా తలుపే. ఇంకో తలుపెక్కడిది?
బూట్లు మా మంచాల మధ్య నుంచి నడిచాయి.
తెర ఎత్తారు. ముడతల్లో ట్రాక్టర్లు
ఒకదాని మీదొకటి ఎక్కాయి.
అమ్మ నా మొహం గోడకి తిప్పింది.
కళ్లజోడు తీసుకోవచ్చా, అని ఆయన అడగడం విన్నాను.
ఏమన్నారో వినలేదు.
తర్వాత తాడు మీద రింగులు సర్దుకున్న చప్పుడు.

పొద్దున్నే స్టూలెక్కి
పదకొండు రింగులూ విప్పి
తెర తిరగేసి కట్టింది అమ్మ.
బొమ్మ అటు. వెలిసిన వీపు ఇటు.
ఎందుకని నేనడగలేదు, ఆవిడ చెప్పలేదు.
బడి నుంచి వచ్చి చూస్తే
ట్రాక్టర్లు కిటికీ వైపు పోవడం లేదు.
అన్నీ తలుపు వైపే,
విమానాలతో సహా,
మోపు దించకుండా వాళ్లమ్మ కూడా.

నెల తిరక్కుండా అటువైపుకి ఒక లెక్కల గుమాస్తా దిగాడు.
"ఎంత మర్యాదస్తులండీ,
మంచి వైపు మాకు వదిలారు!" అని మురిసిపోయాడు.
అమ్మ అతనికి టీ పోసింది.

పిల్ల చేతిలో కాగితం.
ట్రాక్టర్లు. పరదా బట్ట. చెక్కినవారు తెలియదు.
అట్టకి కుట్టి అద్దం బిగిస్తారట.
గది నడుమ వేలాడదీయొచ్చుగా,
జనం చుట్టూ తిరిగి చూస్తారు, అన్నాను.
చోటు లేదంది.
"అయినా వెనక ఏముంటుందండీ?"

ముందు ఆ చేతొడుగు తియ్యి, అన్నాను.
ఇక్కడ వేలు పెట్టు.
మోపు కింద, చెయ్యి సన్నబడే చోట.
బొమ్మ వైపు సంగతి తర్వాత.